రహదారుల బాధ్యతకు రూపు దిద్దిన న్యాయకోవిదుడు ముకుంద రామారావు జయకర్

ప్రత్యేక వ్యాసం

భారత జాతీయోద్యమ చరిత్రలో ముకుంద రామారావు జయకర్ ప్రముఖ న్యాయవాదిగా, క్లిష్ట సమయాలలో రాజీ చర్చలు నడిపిన మధ్యవర్తిగా, పూణె విశ్వవిద్యాలయ ప్రథమ ఉపకులపతిగా సుప్రసిద్ధులు. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు మాత్రం ఆయన పేరును మరొక సందర్భంలో చదువుకుంటారు. దేశంలో రహదారుల అభివృద్ధిపై 1927లో ఏర్పడిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఆ సంఘం జయకర్ కమిటీగానే నేటికీ వ్యవహారంలో ఉంది.

జయకర్ ఇంజనీరు కారు. కంకర, తారు, వంతెనల నిర్మాణం ఆయన చదివిన శాస్త్రాలు కావు. అయినప్పటికీ ఆ బాధ్యత ఒక న్యాయకోవిదునికి అప్పగించడంలో ఔచిత్యం ఉంది. ఆనాడు రహదారుల సమస్య కేవలం నిర్మాణానికి సంబంధించినది కాదు. ఒక దారికి యజమాని ఎవరు, దాని మరమ్మతుకు సొమ్ము ఎవరు ఇవ్వాలి, ఆ సొమ్ము సక్రమంగా ఖర్చయినదీ లేనిదీ ఎవరు చూడాలి అన్నవే అసలు ప్రశ్నలు. స్థానిక సంస్థలు, రాష్ట్రాలు, కేంద్రం నడుమ ఈ బాధ్యతల పంపకానికి తొలిసారిగా ఒక క్రమం సూచించిన ఘనత జయకర్ సంఘానికి దక్కుతుంది.

జననం, విద్య, ప్రజాజీవిత ప్రవేశం

జయకర్ 1873 నవంబర్ 13న బొంబాయిలో జన్మించారు. ఆ నగరంలోనే ఉన్నత విద్యను అభ్యసించి, న్యాయశాస్త్రంలో పట్టా పొందారు. అనంతరం ఇంగ్లండుకు వెళ్లి 1905లో బారిస్టరు అయ్యారు. స్వదేశానికి తిరిగి వచ్చి బొంబాయి హైకోర్టులో న్యాయవాద వృత్తి చేపట్టి, అనతికాలంలోనే పేరు ప్రతిష్ఠలు సంపాదించారు.

1919లో పంజాబులో జరిగిన దురంతాలపై విచారణ జరపడానికి జాతీయ కాంగ్రెస్ నియమించిన సంఘంలో మహాత్మా గాంధీ, చిత్తరంజన్ దాస్, అబ్బాస్ త్యాబ్జీ ప్రభృతులతో పాటు జయకర్ కూడా సభ్యులుగా పనిచేశారు. సాక్ష్యాలను సేకరించి, బేరీజు వేసి, నివేదిక రూపొందించే పనిలో ఆయనకు అక్కడ గట్టి అనుభవం లభించింది.

1923లో స్వరాజ్య పార్టీ పక్షాన బొంబాయి శాసనమండలికి ఎన్నికై, అక్కడ ఆ పక్షానికి నాయకత్వం వహించారు. తదుపరి శాసనసభలను బహిష్కరించడం కంటె, ప్రజలకు మేలు చేకూర్చే విషయాలలో ప్రభుత్వంతో సహకరించి, తక్కిన విషయాలలో ప్రతిఘటించడమే సముచితమన్న అభిప్రాయానికి వచ్చారు. కేల్కర్, మూంజే ప్రభృతులతో కలిసి ఆ మార్గంలో నడిచారు. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఈ దృక్పథమే ఆయనను రహదారుల సంఘం అధ్యక్ష స్థానానికి చేర్చింది.

నాటి రహదారుల దుస్థితి

జయకర్ చేపట్టిన పని ప్రాముఖ్యం తెలియాలంటే అప్పటి పరిస్థితులను గమనించాలి. డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో ప్రజా పనుల శాఖ ఏర్పడి, ముఖ్య రహదారుల నిర్మాణం ఊపందుకుంది. అయితే రైలు మార్గాలు విస్తరించిన కొద్దీ ప్రభుత్వ దృష్టి, ధనం అటువైపు మళ్లాయి. రహదారులు రైల్వే స్టేషన్లకు సరకు చేరవేసే దారులుగా మాత్రమే పరిగణన పొందాయి.

ఆ తరువాత వికేంద్రీకరణ వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1871 నాటి లోకల్ ఫండ్ చట్టం, రిప్పన్ 1882లో వెలువరించిన స్థానిక స్వపరిపాలన తీర్మానం, దానిని అనుసరించి వచ్చిన 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం రహదారుల పనిని క్రమంగా జిల్లా బోర్డులకు, తాలూకా బోర్డులకు చేర్చాయి. 1919 భారత ప్రభుత్వ చట్టం రహదారులను రాష్ట్రాలకు బదిలీ అయిన అంశాలలో చేర్చింది. రాష్ట్ర ప్రభుత్వాలు అందులో అధిక భాగాన్ని తిరిగి స్థానిక సంస్థలకే విడిచిపెట్టాయి.

ఈ ఏర్పాటులో మేలు లేకపోలేదు. దారిలో ఎక్కడ గుంత పడిందో, ఏ వాగుపై చప్టా కొట్టుకుపోయిందో జిల్లా కేంద్రంలోని బోర్డు సభ్యునికి తెలిసినంతగా సుదూరంలోని సచివాలయానికి తెలియదు. తమ ప్రాంత ప్రజలకు జవాబు చెప్పవలసినవారు కనుక బోర్డు సభ్యులకు పర్యవేక్షణలో శ్రద్ధ సహజం. అయితే వారి రాబడి స్వల్పం. భూమి శిస్తుపై విధించే సెస్సు, దారుల వెంట గేట్లు పెట్టి వసూలు చేసే ఆశీళ్లు, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు తప్ప మరో ఆధారం లేదు. ఆ సొమ్ములోనే బడులు, ఆసుపత్రులు, తాగునీటి బావులు కూడా నడవాలి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత మోటారు వాహనాల రాకతో ఈ లోపం బట్టబయలైంది. ఎడ్లబండ్ల రాకపోకలకు సరిపోయేలా నీరు చల్లి, మట్టి కలిపి, రోలరుతో తొక్కించిన కంకర రోడ్లు మోటారు చక్రాల వేగానికి తట్టుకోలేకపోయాయి. రబ్బరు టైర్లు కంకరను పట్టి ఉంచే సన్నని మట్టిని దుమ్ముగా లేపివేసేవి. పట్టు సడలిన కంకరను బండి చక్రాల ఇనుప పట్టాలు చీల్చి గాళ్లు చేసేవి. వర్షాకాలంలో ఆ గాళ్లే గుంతలయ్యేవి.

రహదారిని పాడుచేసే వాహనం ఒక జిల్లాలో బయలుదేరి మరొక జిల్లాలో ఆగేది. దాని పెట్రోలుపై సుంకం కేంద్ర ఖజానాకు చేరేది. దారి మరమ్మతు భారం మాత్రం ఆ నడుమ ఉన్న జిల్లా బోర్డుపై పడేది. ఒక బోర్డు తన హద్దు వరకు దారిని చక్కగా ఉంచినా, పక్క బోర్డు పరిధిలో అదే దారి నడవడానికి వీలు లేకుండా ఉండేది. కలకత్తా, మద్రాసు నగరాలను కలుపుతూ కోస్తా తెలుగు జిల్లాల గుండా సాగే ప్రధాన రహదారి వంటి దారులకు ఒకే ప్రణాళిక, ఒకే ప్రమాణం లేని స్థితి అది.

సంఘం నియామకం, సిఫార్సులు

ఈ పరిస్థితిని పరిశీలించవలసిందిగా కేంద్ర శాసన వ్యవస్థలో ఎగువ సభ అయిన కౌన్సిల్ ఆఫ్ స్టేట్ ఆమోదించిన తీర్మానం మేరకు 1927 నవంబర్‌లో భారత రహదారుల అభివృద్ధి సంఘం ఏర్పడింది. ఉభయ సభల సభ్యులకు అందులో స్థానం లభించింది. జయకర్ అధ్యక్షతన సంఘం విచారణ సాగించి, 1928లో తన నివేదికను సమర్పించింది.

సంఘం ముందున్న చిక్కు రాజ్యాంగపరమైనది. చట్టం ప్రకారం రహదారులు రాష్ట్రాల అంశం. కేంద్రం నేరుగా చేయి పెడితే రాష్ట్రాల అధికారాన్ని హరించినట్లవుతుంది. చేయి పెట్టకుండా ఊరుకుంటే ధనం లేని స్థానిక సంస్థల చేతిలో ముఖ్య రహదారులు శిథిలమవుతాయి. జయకర్ నాయకత్వంలోని సంఘం ఈ రెంటికీ నడుమ ఒక మార్గాన్ని సూచించింది.

రహదారుల అభివృద్ధి రాష్ట్ర ప్రభుత్వాల, స్థానిక సంస్థల ఆర్థిక స్తోమతను మించిపోయిందని, కనుక దానిని జాతీయ ప్రయోజనం గల విషయంగా పరిగణించాలని సంఘం నిర్ధారించింది. రహదారిని వినియోగించే వారి నుంచే దాని అభివృద్ధికి సొమ్ము రాబట్టడం న్యాయమని భావించి, పెట్రోలుపై అదనపు సుంకం విధించి, ఆ రాబడిని ప్రత్యేక నిధిగా ఉంచవలసిందని సిఫార్సు చేసింది. వివిధ రాష్ట్రాల ఇంజనీర్లు తమ అనుభవాలను పంచుకొని, ప్రభుత్వానికి సాంకేతిక సలహాలు ఇవ్వడానికి ఒక అర్ధ ప్రభుత్వ సంస్థ ఉండాలని సూచించింది. రహదారులపై శాస్త్రీయ పరిశోధన జరపడానికి ఒక పరిశోధనా సంస్థ ఆవశ్యకతను కూడా పేర్కొన్నది.

ఈ సిఫార్సులలో రహదారులను స్థానిక సంస్థల నుంచి పూర్తిగా లాగివేసే ఉద్దేశం కానరాదు. ఖర్చు చేసే అధికారం రాష్ట్రాలదీ, వాటి కింది సంస్థలదీ. సుంకం వసూలు చేసి పంచే బాధ్యత కేంద్రానిది. ఆ పంపకంపై కన్ను వేసి ఉంచే అధికారం ప్రజాప్రతినిధుల సభది. ఈ మూడింటి కలయికే జయకర్ సంఘం ఆలోచనలోని ప్రత్యేకత.

కేంద్ర రహదారుల నిధి

సిఫార్సులలో ముందుగా ఆచరణకు వచ్చినది నిధి. 1929 మార్చి 1 నుంచి పెట్రోలుపై గాలనుకు 2 అణాల అదనపు సుంకం అమలులోకి వచ్చింది. రూపాయిలో 8వ వంతు అయిన ఈ మొత్తంతో కేంద్ర రహదారుల నిధి ఏర్పడింది. రాబడిలో కొంత భాగాన్ని కేంద్రం ప్రత్యేక అవసరాలకు అట్టిపెట్టుకొని, మిగిలినదానిని ఆయా ప్రాంతాలలో పెట్రోలు వినియోగాన్ని బట్టి పంచేది. నిధితో చేపట్టే పనులను పరిశీలించడానికి కేంద్ర శాసనసభల సభ్యులతో ఒక స్థాయీ సంఘం ఏర్పాటైంది.

ఈ విధానంలో లోపాలు కూడా త్వరలోనే బయటపడ్డాయి. పెట్రోలు వాడకాన్ని బట్టి పంపకం జరగడం వలన మోటార్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు ఎక్కువ సొమ్ము చేరింది. దారులు అధ్వానంగా ఉండి, మోటార్లు రాలేని ప్రాంతాలకు తక్కువ వాటా వచ్చింది. ఏ ప్రాంతానికి దారి అవసరం ఎక్కువో ఆ ప్రాంతమే వెనుకబడింది. నిధి ప్రధానంగా నిర్మాణ, అభివృద్ధి పనులకు ఉద్దేశించినది కావడం వలన వార్షిక మరమ్మతుల భారం మునుపటివలె రాష్ట్రాలపైనా, జిల్లా బోర్డులపైనా నిలిచిపోయింది. 1929 చివర మొదలైన ఆర్థిక మాంద్యం ఆ భారాన్ని మరింత దుర్భరం చేసింది. కొత్త దారి వేయడానికి సొమ్ము దొరికినంత సులువుగా, వేసిన దారిని కాపాడుకోవడానికి దొరకదన్న సత్యం ఆనాడే వెల్లడైంది.

మద్రాసు రాష్ట్రంలో వచ్చిన మార్పు

రహదారిని వినియోగించేవారే దానికి మూల్యం చెల్లించాలి, ఆ మూల్యంలో స్థానిక సంస్థకు వాటా దక్కాలి అన్న సూత్రం తెలుగు జిల్లాలలో మరొక రూపంలో ఆచరణకు వచ్చింది. అప్పటివరకు మద్రాసు రాష్ట్రంలో స్థానిక సంస్థలు దారులపై ఆశీలు గేట్లు నడిపేవి. ప్రతి గేటు వద్ద బండి ఆగవలసిందే, సొమ్ము చెల్లించవలసిందే. బొల్లిని మునిస్వామి నాయుడు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో 1931 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. గేట్ల స్థానంలో మోటారు వాహనాలపై పన్ను విధించి, ఆశీళ్ల రాబడిని కోల్పోయిన స్థానిక సంస్థలకు పరిహారం చెల్లించే ఏర్పాటు జరిగింది.

దీనివలన రైతు బండికి అడుగడుగునా ఆగే బాధ తప్పింది. అదే సమయంలో రోడ్డుపై తామే వసూలు చేసుకొనే సొమ్మును కోల్పోయి, బోర్డులు ప్రభుత్వం నుంచి వచ్చే మొత్తం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 1934లో తాలూకా బోర్డులు రద్దు కావడంతో వాటి పనులు కూడా జిల్లా బోర్డులకు చేరాయి. దారికి దగ్గరగా ఉండే పర్యవేక్షణ ఒక మెట్టు దూరమైంది.

జయకర్ తదుపరి జీవితం

రహదారుల నివేదిక అనంతరం జయకర్ జాతీయ రాజకీయాలలో కీలక పాత్ర నిర్వహించారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఉద్ధృతంగా సాగుతున్న వేళ, తేజ్ బహదూర్ సప్రూతో కలిసి యెరవాడ జైలులో మహాత్మా గాంధీని, నైనీ జైలులో మోతీలాల్, జవహర్‌లాల్ నెహ్రూలను కలుసుకొని, ప్రభుత్వంతో రాజీకి ప్రయత్నించారు. ఆ ప్రయత్నం వెంటనే ఫలించలేదు. అయినప్పటికీ 1931లో కుదిరిన గాంధీ, ఇర్విన్ ఒప్పందానికి దారి చూపినవారిలో వీరిరువురూ ముఖ్యులు. లండనులో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశాలలో జయకర్ పాల్గొన్నారు. సమాఖ్య వ్యవస్థలో కేంద్రానికి, రాష్ట్రాలకు అధికారాల పంపకం అక్కడ చర్చకు వచ్చిన ప్రధానాంశాలలో ఒకటి. రహదారుల సంఘంలో ఆయన చిన్న పరిధిలో ఎదుర్కొన్న చిక్కు అదే.

1937లో ఫెడరల్ కోర్టు ఏర్పడినప్పుడు తొలి న్యాయమూర్తులలో ఒకరుగా నియమితులయ్యారు. 1939లో లండనులోని ప్రివీ కౌన్సిల్ న్యాయ సంఘంలో సభ్యత్వం పొందారు. 1946లో రాజ్యాంగ సభ సభ్యులయ్యారు. లక్ష్యాల తీర్మానంపై నిర్ణయాన్ని ముస్లిం లీగ్, స్వదేశీ సంస్థానాల ప్రతినిధులు సభలో చేరేవరకు వాయిదా వేయవలసిందని సవరణ ప్రతిపాదించారు. ఆ సవరణ సభ్యులలో అధికుల అభిప్రాయానికి విరుద్ధమైనది. అయినా సంబంధితులందరి సమ్మతితో నిర్ణయం జరగాలన్న తమ నమ్మకాన్ని ఆయన దాచుకోలేదు.

అనంతరం విద్యారంగానికి తమ సేవలను అంకితం గావించారు. పూణె విశ్వవిద్యాలయానికి ప్రథమ ఉపకులపతిగా 1956 వరకు పనిచేసి, ఆ సంస్థకు పునాదులు వేశారు. అక్కడి గ్రంథాలయం ఆయన పేరును ధరించింది. 1959 మార్చి 10న జయకర్ పరమపదించారు.

ఆలస్యంగా ఫలించిన సూచనలు

జయకర్ సంఘం నివేదికలోని తక్కిన సూచనలు ఒకదాని వెంట ఒకటి, కొన్ని చాలా ఆలస్యంగా, ఆచరణలోకి వచ్చాయి. ఇంజనీర్ల సాంకేతిక సంస్థగా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1934 డిసెంబర్‌లో ఏర్పడింది. రహదారుల నిర్మాణానికి, మరమ్మతులకు ఆ సంస్థ రూపొందించే ప్రమాణాలను దేశమంతటా ఇంజనీర్లు అనుసరిస్తున్నారు. న్యూఢిల్లీలో కేంద్ర రహదారి పరిశోధనా సంస్థ 1952లో ప్రారంభమైంది. నివేదిక వెలువడిన నాటికి, ఈ సంస్థ ప్రారంభానికి నడుమ 24 సంవత్సరాలు గడిచాయి.

1943లో నాగపూరులో సమావేశమైన చీఫ్ ఇంజనీర్లు 20 సంవత్సరాల ప్రణాళిక రచించి, దారులను జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రహదారులు, ఇతర జిల్లా రహదారులు, గ్రామీణ రహదారులు అని వర్గీకరించారు. ఏ దారికి ఎవరు బాధ్యులో దాని తరగతిని బట్టి చెప్పే వీలు దీనితో కలిగింది. 1947 ఏప్రిల్ 1 నుంచి జాతీయ రహదారుల ఆర్థిక భారాన్ని కేంద్రం స్వీకరించింది. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. కలకత్తా, మద్రాసు రహదారి కోస్తా ఆంధ్ర జిల్లాలలో జిల్లా బోర్డుల హద్దులను దాటి ఒకే రహదారిగా రూపొందడానికి ఈ మార్పులే ఆధారం. కృష్ణపై 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ, రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1974లో ప్రారంభమైన రైలు, రోడ్డు వంతెన వంటి నిర్మాణాలు ఏ ఒక్క జిల్లా బోర్డు శక్తికీ లోబడేవి కావు.

జయకర్ సంఘం ఆలోచనగా మొదలైన నిధికి 2000 నాటి కేంద్ర రహదారుల నిధి చట్టం శాసనబద్ధత కల్పించింది. పెట్రోలుతో పాటు డీజిలుపై సెస్సు కూడా అందులో చేరింది. గ్రామీణ రహదారులకు అందులో వాటా లభించింది. 2018లో ఆ నిధి కేంద్ర రహదారి, మౌలిక వసతుల నిధిగా పేరు మార్చుకుంది.

స్థానిక పర్యవేక్షణ ఆవశ్యకత

ముఖ్య రహదారులు పై ప్రభుత్వాలకు చేరిన అనంతరం స్థానిక సంస్థల పాత్ర ముగిసిపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1959లో జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు ఏర్పడి, జిల్లా బోర్డుల వారసత్వాన్ని స్వీకరించాయి. 1992లో ఆమోదం పొందిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 11వ షెడ్యూలులో 13వ అంశంగా రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు పంచాయతీలకు అప్పగించదగిన విషయాలలో చోటుచేసుకున్నాయి. 74వ సవరణ ద్వారా వచ్చిన 12వ షెడ్యూలులో రోడ్లు, వంతెనలు పురపాలక సంస్థల అంశాలలో చేరాయి.

2000 డిసెంబర్ 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ సమన్వయానికి చక్కని ఉదాహరణ. సొమ్ములో అధిక భాగం కేంద్రం నుంచి వస్తుంది. పనిని రాష్ట్ర ఇంజనీర్లు నిర్వహిస్తారు. ఏ గ్రామానికి ముందుగా దారి వేయాలో సూచించే జిల్లా ప్రణాళిక జిల్లా పరిషత్తు ఆమోదం పొందాలి. రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 సంవత్సరాల పాటు దాని నిర్వహణ చూడాలన్న నిబంధన, మరమ్మతును నిర్మాణంతో ముడిపెట్టింది. 1929 నాటి నిధిలోని ప్రధాన లోపాన్ని సరిదిద్దే ప్రయత్నంగా దీనిని భావించవచ్చు.

అయితే నిబంధన ఉన్నంత మాత్రాన దారి బాగుపడదు. ప్రణాళిక సభ ముందుకు వచ్చినప్పుడు జిల్లా పరిషత్తు సభ్యులు దానిని పరిశీలించాలి. రోడ్డు పక్క కాలువ పూడిపోయినప్పుడు, కల్వర్టు గోడ బీటలు వారినప్పుడు గ్రామ పంచాయతీ సకాలంలో సంబంధిత ఇంజనీరు దృష్టికి తేవాలి. ఊరి ముందు నుంచి పోయే దారి జాతీయ రహదారి అయినా, జిల్లా రహదారి అయినా, దానిపై ప్రమాదానికి గురయ్యేది ఆ ఊరివారే. వర్షాకాలంలో దారి తెగితే ఆసుపత్రికి చేరలేని గర్భిణి, బడికి పోలేని పిల్లలు, మార్కెట్టుకు పంట తరలించలేని రైతు ఆ ఊరివారే. కనుక సొమ్ము ఎక్కడి నుంచి వచ్చినా, చూసే కన్ను మాత్రం దగ్గరగా ఉండాలి.

ఒక్క గజం రోడ్డు కూడా స్వయంగా వేయని జయకర్ దేశ రహదారుల చరిత్రలో చిరస్థాయిగా నిలిచారు. దారికి తగిన సొమ్ము, ఆ సొమ్ముకు తగిన లెక్క, ఆ లెక్కను అడిగే ప్రతినిధి ఉండాలన్న ఆయన సంఘం ఆలోచన నేటి గ్రామ సభకూ, జిల్లా పరిషత్తుకూ సమంగా వర్తిస్తుంది. ప్రజాప్రతినిధులు, అధికారులు, ప్రజలు తమ తమ పాత్రలను శ్రద్ధతో నిర్వహించడమే ఆ మహనీయునికి అర్పించగల సముచిత నివాళి.